వాక్యం కింద నంబరు

హెబ్రోను కారులో గూడూరు దాకా పోయిన కోడిపెట్ట ఏడాది పాటు గుడ్డు పెట్టలేదని మా వాకాడులో చెప్పుకునేవారు. అది పెంచి చెప్పిన మాట. ఆరు నెలలకే పెట్టింది, నేను చూశాను. ఆ కారు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలం నాటిది. నల్లగా, పొట్టిగా, వానలో తడిసిన గేదెదూడలా ఉండేది. అయినా కాన్పు కష్టమైన ఆడవాళ్లకూ, పాము కరిచినవాళ్లకూ, మద్రాసు రైలు అందుకోవలసిన రొయ్యల బుట్టలకూ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదొక్కటే దిక్కు.

హెబ్రోను తక్కువ మాటల మనిషి. వయసులో ఉండగా బిట్రగుంటలో ఒక కంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా పనిచేశాడు. అక్కడ ఇత్తడి సామాను పోయింది. అనుమానించి పనిలోంచి తీసేసినవాళ్లలో ఇతనూ ఒకడు. కొన్నాళ్లకు అసలు దొంగ దొరికాడు గానీ, ఆ సంగతి ఎవరూ వచ్చి హెబ్రోను తల్లికి చెప్పలేదు. నలుగురి ముఖం చూడలేక ఆమె ఆదివారం ఆరాధనకు రావడమే మానుకుంది. అలాగే పోయింది. అప్పటినుంచి హెబ్రోనుకు పరాయి సొత్తంటే వణుకు. దారిలో బోల్టు దొరికినా, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటారని పక్కనున్న గోడ మీద పెట్టి పోయేవాడు. మా వీధి గోడ ఆ బోల్టుల బరువుకే ఒరిగిందని నేనంటే మా ఆవిడ ఒప్పుకోదు.

అరవై రెండు వేసవిలో, నాగులమ్మ కూతురు అంకాలమ్మను తొలికాన్పుకు గూడూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో ఇంజను కాగిపోయింది. దగ్గర్లో మంచినీళ్లు లేవు. వెనక సీట్లో ఆ పిల్ల అరుపులు వినలేక, హెబ్రోను ఉప్పుకాలువ నీళ్లు ముంచుకొచ్చి మరుగుతున్న ఇంజనులో పోశాడు. ఎలాగో ఆసుపత్రి చేరారు. తల్లీబిడ్డా దక్కారు. ఇంజను దిమ్మ మాత్రం నిలువునా పగిలింది.

కారు కదలకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. హెబ్రోను భార్య నవోమి పుట్టింటివాళ్లు ఇచ్చిన పాడిగేదెలను అమ్మేసింది. ఆ డబ్బుతో పాత ఇంజను కొనడానికి హెబ్రోను, గూడూరు మెకానిక్కు మస్తానయ్యను వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కాడు. కొన్నది దొంగ ఇంజను కాకూడదన్నదొక్కటే అతని దిగులు.

మస్తానయ్య దారి పొడుగునా జాగ్రత్తలు చెప్పాడట. ఇంజను పక్కన బిగించిన ఇత్తడి రేకు మీది నంబరును నమ్మకూడదు. రేకు ఊడదీసి వేరేది బిగించడం దొంగకు చిటికెలో పని. ఇనుములోనే గుద్దిన నంబరు చూడాలి. అక్కడ మడ్డి ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, రంగు ఉంటే కత్తితో గీకాలి. అమ్మేవాడి గురించి పక్క దుకాణాలవాళ్లను విచారించాలి. హెబ్రోను అన్నీ శ్రద్ధగా విన్నాడు. మద్రాసులో పాత సామాన్ల వీధిలో మధ్యాహ్నం దాకా చూసిన ప్రతి ఇంజనునూ తుడిచి, గీకి, వద్దన్నాడు.

తరువాత ఇద్దరూ హోటల్లో భోజనానికి కూర్చున్నారు. కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పిన ప్రార్థనలన్నీ కలిపినా హెబ్రోను అన్నం ముందు చేసే ప్రార్థన అంత పొడుగుండవు. ఈగలు కూడా విసుగుపుట్టి వేరే విస్తరి చూసుకునేవి. ఆ పూట అతను కళ్లు మూసుకుని ఉన్నంతసేపూ ఎవరో గమనిస్తూనే ఉండి ఉండాలి.

ఎందుకంటే సాయంత్రానికి, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, తన పేరు క్రీస్తురాజని చెప్పి దుకాణానికి తీసుకుపోయాడు. ఒక మిషను ఆసుపత్రి దొరలు స్వదేశానికి పోతూ కారును విడగొట్టి అమ్మేశారనీ, ఇది దాని ఇంజననీ అన్నాడు. ఇత్తడి రేకు నంబరూ రసీదు నంబరూ ఒకటే. కానీ ఇనుములో నంబరు గుద్దే చోట తెల్లరంగుతో ఒక బైబిలు వాక్యం రాసి ఉంది. దొరసాని వెళ్తూ వెళ్తూ స్వహస్తాలతో రాసిందట.

"గీకి చూడు హెబ్రోనన్నా. రంగు ఇంకా వాసనొస్తా ఉండాది," అని మస్తానయ్య కత్తి తెరిచి ఇచ్చాడు.

"వాక్యం మీద కత్తి పెట్టమంటావా?"

"నంబరు దాని కిందనే గదా ఉండేది."

"ఉండనీ. పైన ఏముండాదో చూసినా. నాకది చాలు."

పక్క దుకాణాలవాళ్లను అడగడం కూడా అక్కడితో ఆగిపోయింది. ఇంజను వాకాడు చేరింది. సంఘమంతా కారు చుట్టూ నిలబడి ప్రార్థన చేసింది. ఇంజను బాగా నడిచింది కూడా.

వేడికి రంగు నిలవలేదు. వానాకాలం మొదట్లో ఒకనాడు పొద్దున బానెట్టు ఎత్తేసరికి వాక్యం పెచ్చులుగా రాలిపోయి ఉంది. దాని కింద నంబరు లేదు. ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి.

కబురందుకుని మస్తానయ్య వచ్చాడు. పట్టి పట్టి చూసి, గొంతు తగ్గించి, "నా కాడ నంబరచ్చులు ఉండాయి. రేకు మీది నంబరే ఈడ గుద్దేస్తా. నీకూ నాకూ తప్ప ఎవురికి తెల్సబ్బా?" అన్నాడు.

"యాడో ఒకడి కారు ఇంజను లేకుండా పడుండాది గదా మస్తానయ్యా. వాడికి తెల్సు."

హెబ్రోను తనే కారు నడుపుకుంటూ ఠాణాకు పోయాడు. పోలీసులు అతన్ని మద్రాసు తీసుకుపోయి చూస్తే, ఆ దుకాణంలో గాజులు అమ్ముతున్నారు. క్రీస్తురాజు అనేవాణ్ణి ఆ వీధిలో ఎవరూ ఎరగరు. ఇంజనును దించి కేసు సొత్తుగా ఠాణా ఆవరణలో పెట్టించారు. సొంతదారు దొరకలేదు. సముద్రపు గాలికి అది అక్కడే తుప్పుపట్టింది. హెబ్రోను కోర్టుకు తిరిగాడు, మొదట ముద్దాయిగా, తరువాత సాక్షిగా. ఇంజను లేని కారును చేపలవాళ్లు తోసుకొచ్చి ఇంటి ముందు వదిలారు.

మరుసటేడు అంకాలమ్మ రెండో కాన్పుకు ఎద్దుబండి మీద బయలుదేరింది. గూడూరు చేరలేదు. దినాలయ్యాక నాగులమ్మ వచ్చి కారు పక్కన చాలాసేపు నిలబడింది. తిట్టలేదు. "నీ పేరన్నా నీకు మిగిలిందా నాయనా?" అని అడిగి వెళ్లిపోయింది.

అదీ మిగల్లేదు. ఠాణాకు ఎందుకు పోయాడో ఊరు మరిచిపోయింది, పోయాడన్నది మాత్రం గుర్తుపెట్టుకుంది. హెబ్రోను ఇంకొకరి లారీకి డ్రైవరయ్యాడు. పాత ఇంజను కొనేవాళ్లు మద్రాసుకు తోడు రమ్మని అతని కోసమే వచ్చేవాళ్లు. వీధిలో నిలబడి, "దొంగింజను హెబ్రోను ఇల్లిదేనా?" అని అడిగేవాళ్లు.

"ఇదే" అని, కిరసనాయిలు గుడ్డ, కత్తి సంచిలో వేసుకుని అతను బయటికి వచ్చేవాడు.