గీత పక్కన కోత

ఆ వీధిలో పెద్ద వడ్రంగిని అందరూ మూలమట్టం మామ అనేవారు. ఎవరింటికి వెళ్లినా సరే, కిటికీ మూలకు మట్టం ఆనించి చూస్తేగానీ కుర్చీలో కూర్చోడు.

మూలలు సరిగ్గా నిలువుగా ఉన్నాయో లేదో చూసే ఆ మూలమట్టం తండ్రిది. టేకు పిడి, ఇనుప పలక. దాన్ని పరీక్షించడమంటే తండ్రిని అనుమానించడమేనని ఆయన లెక్క. కొట్టంలో ఆయన మట్టం పెట్టి గీత గీసేవాడు, తమ్ముడు కోసేవాడు. తమ్ముడి రంపం ఎప్పుడూ గీతకు వెంట్రుకవాసి పక్కన నడిచేది. అది చూస్తే అన్నకు ఒళ్లు మండేది. ఓరోజు, గీత మీదే కొయ్యి, సొంత తెలివి వద్దని గదిమాడు. తమ్ముడు గీత మీదే కోశాడు. ద్వారబంధం ఓ పక్కకు ఒరిగింది. తలుపు మూతపడలేదు.

"నీ చెయ్యే వంకర్రా" అనేశాడు అన్న, పని చేయించుకున్న ఇంటివాళ్లందరి ముందూ.

తమ్ముడు రంపం కింద పెట్టి వెళ్లిపోయాడు. లారీల షెడ్డులో కాపలా పనికి కుదిరాడు. అన్న ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు.

తర్వాత ఆయనే గీసి ఆయనే కోశాడు. అతుకుల్లో సందులొచ్చాయి. కర్ర పచ్చిదన్నాడు, గోడ వంకరన్నాడు, వాన తేమన్నాడు. తప్పు తనది తప్ప లోకంలో అందరిదీ! తమ్ముడు మళ్లీ కొట్టంలోకి రావాలని మాత్రం లోలోపల కొట్టుకుపోయేవాడు. అడగడానికి నోరు రాలేదు. తమ్ముడు పక్షవాతం వచ్చి పడిపోయాడని విన్నాక కూడా ఆ గడప తొక్కలేదు.

మొన్న కొత్త ప్లైవుడ్ పలక కోస్తే అదీ వంకరొచ్చింది. ఫ్యాక్టరీ పలక, నెపం వేయడానికేమీ మిగల్లేదు. మట్టం పెట్టి ఓ గీత గీశాడు. మట్టాన్ని తిరగేసి అదే చోటినుంచి ఇంకో గీత గీశాడు. మట్టం సరైనదైతే రెండూ ఒకటైపోవాలి. పైకి పోయేకొద్దీ విడిపోయాయి.

పలక చంకన పెట్టుకుని తమ్ముడింటికి నడిచాడు. మరదలు కుర్చీ వేసి లోపలికెళ్లింది. మంచం మీద తమ్ముడు ఆ గీతల్ని ఒక్క చూపు చూశాడు.

"నాకు తెలుసన్నయ్యా. అందుకేగా పక్కన కోసేవాణ్ణి."

"మరి చెప్పలేదేంరా?"

"నాన్నది కదా. నువ్వు ఓర్చుకోలేవని."

చచ్చుబడి ముడుచుకుపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూపించి నవ్వాడు.

"పోన్లే. నువ్వన్నది ఇప్పటికి నిజమైంది. వంకరే."

అన్న ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్క వేలూ సాపు చేయసాగాడు. వదలగానే అవి మళ్లీ ముడుచుకున్నాయి.