సీరియల్ అయిపోయాక

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో ఇమాబరి ఊరు ఊరంతా ఒక టీవీ సీరియల్ అంటే పడి చచ్చింది. గాజు గిన్నెలు చేసే చెవిటి పిల్ల, ఆమెను ప్రేమించే రైలు గార్డు. గురువారం వచ్చిందంటే బజారులో కొట్లు పెందలాడే మూతపడేవి. ఊళ్ళో ఆ సీరియల్ పేరెత్తితే ఒళ్ళు మండే మనిషి ఒక్కతే, మినెకో. నిజంగా చెవులు వినపడని మనిషీ ఆమే.

"నీకు ఏడుపు రావట్లేదా అక్కా? రాయివి నువ్వు," అని చెల్లెలు సవాయె కళ్ళు తుడుచుకుంటూ, పెదాలు స్పష్టంగా కదిలించి అంది.

మినెకో పలక మీద రాసి చూపించింది. "గాజు పని చేసే పిల్ల చేతి మీద ఒక్క కాలిన మచ్చ లేదేం? గోళ్ళకి రంగొకటి."

మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఆమె చెవులు పోయాయి. అప్పటి బధిరుల బళ్ళలో చేతులతో మాట్లాడితే ఊరుకునేవారు కాదు, పెదాలు చూసే అన్నీ నేర్చుకోవాలి. అందుకని పిల్లలు చేతుల భాషను హాస్టల్లో దుప్పట్ల చాటున ఒకరికొకరు నేర్పుకున్నారు. చదువయ్యాక ఆమె తువ్వాళ్ళ మిల్లులో చేరింది. మగ్గాల మోతలో అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ పెదాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్ళే. అందరికంటే బాగా పెదాలు చదివేది మినెకోయే కాబట్టి ఆమె చెవిటిదని పక్క మగ్గం వాళ్ళకి చాన్నాళ్ళు తెలియనేలేదు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ గర్వమే. పెళ్ళి మాత్రం కుదరలేదు. వచ్చిన ఒకటి రెండు సంబంధాలూ ఆమె మొహం చూసి కాక ఆమె చెవులు చూసి వెనక్కి పోయాయి.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాక, ఈ సీరియల్ పుణ్యమా అని, ఊరు ఆమెను కొత్తగా కనిపెట్టింది. పోస్టాఫీసు పిల్ల ఆమెను చూడగానే రెండు చేతులూ ఎత్తి, సీరియల్లో చూసి నేర్చుకున్న చేతుల భాషలో "ధన్యవాదాలు" అంటుంది, స్టాంపు ఇవ్వకముందే. మందుల షాపాయన చెమ్మగిల్లిన కళ్ళతో నెమ్మదిగా తలాడిస్తాడు. జాలి పడే మొహం ఎలా ఉంటుందో మినెకోకి ఒకరు చెప్పక్కర్లేదు. పళ్ళు బిగించి తిరిగి వంగి నమస్కారం పెట్టేది.

ఒక్క ఓచి తొకుజీ సంగతి వేరు. పైకప్పు వేసిన బజారు చివర, చిన్న చేపల్ని ముళ్ళతో సహా రుబ్బి, బిళ్ళలు చేసి నూనెలో వేయించి అమ్ముతాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. అందరి మీదా అరిచినట్టే మినెకో మీదా అరుస్తాడు, ఆమె ఆ పెదాలు చదువుకుంటుంది. శనివారం శనివారం వెళ్ళి అయిదు బిళ్ళలు కొనుక్కుంటుంది, ఆయన వేడివేడిది ఇంకొకటి కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెడతాడు. ఆ ఆరో బిళ్ళ కోసమే వారమంతా ఎదురు చూస్తున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు, సవాయెకి కూడా.

ఆ సీరియల్ మొదలైన కొన్నాళ్ళకి, ఒక శనివారం, ఆయన చిల్లుల గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "ఈరోజు చేప బాగుంది. చలిగా ఉంది, జాగ్రత్త," అని చేతులతో అన్నాడు. కుడిచేతి పని అంతా ఎడమ చేత్తో. టీవీ ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు, తెరలో ఏ వైపు చెయ్యి కదిలితే తనూ ఆ వైపు చెయ్యి కదిపి నేర్చుకున్నాడు మహానుభావుడు. మినెకో పకపకా నవ్వేసింది. చిన్నప్పుడు ఎవరో వెక్కిరించారని బయట ఎక్కడా గొంతు విప్పని మనిషి, బజారంతా తిరిగి చూసేట్టు నవ్వింది.

ఆపైన ప్రతి వారం ఆయన దగ్గర ఒక కొత్త మాట ఉండేది. "మీ నవ్వు చూస్తే వాన వెలిసినట్టుంది," అన్నాడొకసారి. అది రైలు గార్డు అన్న మాట. మినెకో ముఖం ఎర్రబడింది. ఇంటికొచ్చి ఆ బిళ్ళ చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఈ మాటలు ఆయన నాతో అంటున్నాడా, ఆ తెరలో పిల్లతో అంటున్నాడా? ఆ ప్రశ్న ఆమెను తినేసింది.

డిసెంబరులో సీరియల్ అయిపోయింది. సోమవారానికే పోస్టాఫీసు పిల్ల పాత పద్ధతిలో కాగితం ముందుకి తోసింది. మందుల షాపాయన అలమర వైపు తిరిగి ఏదో చెప్పాడు. వాళ్ళ మీద మినెకోకి కోపం రాలేదు, ప్రాణం హాయిగా కూడా ఉంది. కానీ శనివారం వచ్చేసరికి బజారుకి వెళ్ళలేకపోయింది. తొకుజీ చేతులు కూడా ఊరుకున్నాయంటే తను తట్టుకోలేదు. చెల్లెల్ని పంపింది. ఆ తర్వాతి వారమూ అంతే. కొత్త సంవత్సరం వచ్చి వెళ్ళింది.

"ఇక నువ్వే వెళ్ళక్కా," అంది సవాయె. "ఆయన నన్ను చూడగానే మొహం మాడ్చుకుంటున్నాడు. నీ గురించే అడిగాడు."

"ఏమని?" అని రాసింది మినెకో.

"నాకేం తెలుసు? వెళ్ళి ఆయన్నే అడుగు."

వెళ్ళింది. కొట్టు ముందు జనం ఉన్నారు. తొకుజీ ఆమెను చూశాడు, నవ్వలేదు. గరిటె పట్టిన చేత్తోనే విసురుగా మొదలుపెట్టాడు. "ఏమైపోయారు ఇన్నాళ్ళు? ప్రతి వారం మీకోసం ఒకటి పక్కన పెడుతున్నా. చల్లారిపోతోంది, నేనే తింటున్నా. చూడండి ఈ పొట్ట."

ఇవి సీరియల్లో మాటలు కావు. అందులో ఆ పిల్లని ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అరవై దాటిన చెవిటి మగవాళ్ళు తమలో తాము వాడుకునే మొరటు భాష ఇది. అదీ కుడిచేత్తో.

"ఎవరు నేర్పారు ఇది?" అంది మినెకో చేతులు.

"బధిరుల సంఘం హాల్లో బుధవారం క్లాసు. ఒక ముసలి వడ్రంగి చెబుతాడు. నా ఎడమ చెయ్యి మీద స్కేలుతో కొడతాడు."

"సీరియల్ అయిపోయిందిగా. ఇక మీకేం పని అనుకున్నా."

"ఆ పిల్లకి నేనెందుకు చేపలు దాచిపెడతాను? బుర్ర ఉందా మీకు?"

అమ్మా నాన్నా, మేస్టర్లు, మేస్త్రీలు, అందరూ ఆమెతో మంచిగానే ఉన్నారు. ఏదన్నా తేడా వస్తే నవ్వి, ఏం లేదులే, తర్వాత చెబుతాం అనేవారు. ఆ 'తర్వాత' ఎన్నడూ వచ్చేది కాదు. తనతో పోట్లాడాలని ఈ అరవై ఏళ్ళలో ఒక్కరికీ అనిపించలేదు. మినెకోకి పట్టరాని సంతోషం వేసింది.

ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, గరిటె అడ్డం వచ్చి సగం మాటలు అర్థం కావట్లేదు. నూనె అంతటా చిందుతోంది. మినెకో బల్ల చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళి, ఆయన చేతిలో గరిటె లాక్కుంది. పొయ్యి ముందు నిలబడి, ఇక రెండు చేతులతో తిట్టండి అన్నట్టు ఆయన వైపు గడ్డం ఎత్తింది.

"నావి మాడ్చకండమ్మా," అంది వరుసలో మొదటున్న ముసలావిడ. మినెకో ఆ మాట చూడలేదు. ఆమె కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి.