కూర్మయ్య మావ పొట్టవేలు

రెండు చేతులకూ పది వేళ్లుండగా, రేషన్ మిషన్ మీద ముద్ర పడని ఆ ఒక్క వేలే పెడతాడు మా కూర్మయ్య మావ. ఎవరు బతిమాలినా ఇంకో వేలు పెట్టడు. ఆ డిపో నడిపేదాన్ని నేను, ధనలక్ష్మిని. నా ఓపికకు నేనే దండం పెట్టుకోవాలి.

ఆ వేలి సంగతి చెప్పాలి. ఆమదాలవలస రైసు మిల్లులో బెల్టు లాగేసి, ఆయన కుడి బొటనవేలి మీద చర్మం, కండ ఊడిపోయి ఎముక బయటపడింది. విశాఖలో డాక్టర్ అనూరాధ గారు పొట్ట మీద చర్మాన్ని ఒక పక్క అతుకు ఉంచి పైకి లేపి, వేలి చుట్టూ కుట్టేశారు. రక్తం పట్టేదాకా మూడు వారాలు చెయ్యి పొట్టకే అతుక్కుని ఉంది. చూడ్డానికి వెళ్లినవాళ్లు నమస్కారం పెడితే, "నానెలగెట్టను? సేయి నాకాడ నేదు, కడుపుకాడున్నాది" అని వాళ్ల మీదే ఎగిరేవాడు.

తర్వాత చేతిని విడదీశారు, వేలు బతికింది. కానీ అది పొట్ట చర్మం. ముద్రకు గీతలుండవు. మావకు పొట్ట పెరిగితే వేలూ లావెక్కుతుంది. వెంట్రుకలు కూడా మొలుస్తాయి. గడ్డం గీసుకున్న రోజున దానికీ సబ్బు రాస్తాడు.

"మావా, ఎడం చెయ్యి ఎట్టు. గొడవ తీరిపోతాది."

"ఏటి? ఇది నా ఏలు కాదా? నా కడుపు సర్మమే గానీ పక్కింటోడిది కాదు గదా?"

"మిషనుకి తెలీదు మావా."

"తెలిసినోడిని పిలు. వీఆర్వోని రమ్మను. రూలున్నాదా, నేదా?"

రూలుంది. ముద్ర పడనివాళ్లకు వీఆర్వో వచ్చి తన వేలు పెడితే బియ్యం ఇవ్వొచ్చు. మా వీఆర్వో రమేష్‌బాబుకు ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగే. మా జగ్గమ్మత్త పలాసలో జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, ఆ జిడ్డుకు వేళ్లు కాలి నున్నగా అయిపోయాయి. పదింట్లో ఒక్కటీ పడదు. ఒంటరి మనిషి, ఆ బియ్యమే ఆధారం. పోయిన నెల ఆవిడ కోసం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన రాలేదు. ఆవిడ ఖాళీ సంచితో వెళ్లిపోయింది. మావ కూడా ఖాళీ సంచితోనే పోయాడు, మొండిఘటం.

ఈ నెల ఆఖరి రోజు మళ్లీ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. వెనక లైనంతా తిట్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పంతానికి జగ్గమ్మత్త కూడా ఎండలో నిలబడిపోయింది మావా. సిగ్గులేదా నీకు?"

"నేదు" అని ఫోన్ తీశాడు. "బాబూ, నాను కూర్మయ్యని. మీరు బేగి రాపోతే ఈ ఏలట్టుకుని ఎమ్మార్వో గారి ఆఫీసుకెల్తాను. ఎంట్రుకల్తో సహా సూపిత్తాను. ఒక్కసారి మిషను మీదెడితే మీ ఏలు అరిగిపోతాదేటి?"

అరగంటలో బండి వచ్చింది. "ఈయనతో వేగలేక చస్తున్నాం. ఏదీ, నీ కార్డు నంబరు చెప్పు" అన్నాడు రమేష్‌బాబు.

"నాకేటి తొందర? ముందు జగ్గమ్మని సూడండి."

వీఆర్వో విసుక్కుంటూనే వేలు పెట్టాడు. జగ్గమ్మత్త సంచిలో బియ్యం పడ్డాయి. ఆవిడ సంచి మూతి రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూసుకుంది. ఆ వెనక, ఇటుకల బట్టీలో చేతులు అరిగిన సోములుకీ అయింది.

"ఇక నువ్వు రావయ్యా" అని వీఆర్వో తిరిగేసరికి, మావ ఎడంచేతి చూపుడువేలు మిషన్ మీద పెట్టేశాడు. టక్కున పడింది.

నేను నోరు తెరిచి, "మరి పోయిన నెలంతా బియ్యం లేకుండా ఎందుకున్నావు మావా?" అన్నాను.

"జగ్గమ్మ కోసం పిలిత్తే ఆడొచ్చాడేటి? సాల్లే, తూకం సరిగ్గా ఎయ్యి" అని నా మీదే కళ్లెర్రజేశాడు.