గడియ లేని తలుపులు

నాటకాల తెరలు వేసే ఆ షెడ్డులో ఆయనంత పాత మనిషి ఇంకొకరు లేరు. తెరను నేల మీద పరిచి, మేజోళ్ళతో దాని మీద నడుస్తూ, పొడుగాటి కర్రకు కట్టిన కుంచెతో నిలబడే బొమ్మ వేస్తాడు. కొండ కావాలంటే కొండ, కోట కావాలంటే కోట. ఇల్లు వేస్తే గోడకు సున్నం ఎక్కడ రాలిందో కూడా కనబడుతుంది. తలుపుకు గడియ మాత్రం వెయ్యడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ వెయ్యలేదు.

"బాబాయ్ ఇళ్ళల్లో దొంగలూ పడరు, చుట్టాలూ దిగరు," అని మేస్త్రి నవ్వేవాడు.

ఆయనా నవ్వి ఊరుకునేవాడు. ఇక్కడి భాషలో ఆయనకు రంగుల పేర్లన్నీ వచ్చు, కబుర్లు రావు. కబుర్లన్నీ కూతురితోనే. ఆమె అదే షెడ్డులో ఒక మూల కూర్చుని మిషను మీద తెర గుడ్డలు అతుకుతుంది.

ఈసారి నాటకం ఒక ఇంటి కథ. ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఆ ఇంటి తలుపు వెలుగులోనే ఉంటుంది. తెర చూడటానికి వచ్చిన కొత్త దర్శకుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గడియ ఏది?"

"ఉండదండి."

"ఇంట్లోవాళ్ళు కిటికీలోంచి దూకుతారా?"

ఆయన కుంచె కడుక్కుంటూ ఉండిపోయాడు. దర్శకుడు వెళ్ళాక మేస్త్రి పక్కకు పిలిచాడు.

"బాబాయ్, రేపు మధ్యాహ్నానికి గడియ లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానంటున్నాడు. అసలే పైవాళ్ళకి నీ వయసు మీద కన్నుంది. నేను అడ్డుపడలేను. రెండు గీతలు, నీకు చిటికెలో పని. ఎందుకొచ్చిన పంతం?"

"పంతం కాదు," అన్నాడాయన.

ఆయన పుట్టిన దేశంలో యుద్ధం వచ్చిన రెండో ఏట సైనికులు ఆయన్ని లారీ ఎక్కించుకుపోయారు, తుపాకీ పట్టించడానికి కాదు, కుంచె పట్టించడానికి. ఖాళీ పొలంలో కర్రలు పాతి, గుడ్డ బిగించి, ఒక ఊరు వెయ్యమన్నారు. విమానాలు అసలు ఊరిని వదిలి దాని మీద బాంబులు వెయ్యాలి. "దుర్భిణిలో చూసినా ఊరే అనిపించాలి," అన్నాడు అధికారి. ఆయనకు కళ్ళు మూసుకున్నా కనబడే వీధి తనదొక్కటే. అదే వేశాడు. మంగలి కొట్టు, పక్కింటి మేడ మెట్లు, చివర తన ఇల్లు. ఆకుపచ్చ తలుపు. దాని గడియ ఎడమకు వంగి ఉండేది. ఒకసారి తాళంచెవి పారేసుకుని రాయితో కొడితే వంగింది. భార్య ఏడాది పొడుగునా దెప్పింది. ఆ వంకర కూడా వేశాడు.

వేసి, ఇంకో చోట ఇంకో ఊరు వెయ్యడానికి వెళ్ళాడు. వారం తిరిగేసరికి, చిరిగిన గుడ్డలు బాగుచెయ్యమని మళ్ళీ తీసుకొచ్చారు. ఇళ్ళు విడిచి రోడ్డు పట్టుకుపోతున్న జనంలో ఐదుగురు ఆ వీధిలోకి వచ్చారట. అప్పుడే విమానాలు వచ్చాయట. ఐదుగురినీ పూడ్చడం కూడా అయిపోయింది. "గుడ్డని చూసి ఇళ్ళనుకున్నారు, పాపం," అన్నాడు కాపలా సైనికుడు. మూత లేని కెటిల్ ఒకటి మట్టిలో పడి ఉంది. తలుపు తట్టి ఉంటారు, గడియ లాగి చూసి ఉంటారు అనుకున్నాడు. ఆ తలపు ఆయన్ని మళ్ళీ వదల్లేదు.

యుద్ధం అయ్యాక ఒక శిబిరంలో కూతురు దొరికింది. ఆరేళ్ళది. పక్కింటి పిన్ని చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "అక్క దారిలో పోయింది బావగారూ," అంది పిన్ని. దారిలో పోయినవాళ్ళు ఎందరో. ఎక్కడ అని ఆయన అడగలేదు. పిల్లని ఎత్తుకుని ఓడ ఎక్కాడు.

దర్శకుడు వచ్చివెళ్ళిన ఆ సాయంత్రం గదికి వచ్చాక గడియ మాట కూతురే ఎత్తింది.

"వేసెయ్యొచ్చుగా నాన్నా. పని పోతే నా మిషనొక్కటే దిక్కు."

"నిజం తలుపనుకుని ఎవరైనా వస్తే?"

"నాటకానికా? వస్తే టికెట్టు కొనుక్కుని వస్తారు."

ఆయన నవ్వలేదు. మేజోళ్ళు విప్పి మంచం కోడు మీద ఆరేశాడు. తరవాత మొదటిసారి చెప్పాడు. పొలం, గుడ్డ వీధి, ఐదుగురు, కెటిల్. కప్పులు కడుగుతున్న కూతురు పంపు కట్టేసింది.

"ఎవరూ ఇల్లనుకోలేదు నాన్నా."

"నీకేం తెలుసే?"

"నేనక్కడే ఉన్నాను." తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది. "రోడ్డు మీద నుంచి అమ్మకి మన తలుపు కనబడింది. నన్ను పిన్ని దగ్గర కూర్చోబెట్టి, దగ్గరికెళ్ళి చూసొచ్చింది. ఎన్నాళ్ళకో నవ్వింది. 'గుడ్డ మీద వేశాడే మీ నాన్న, గడియ వంకర కూడా వదల్లేదు' అని. 'రంగు ఇంకా వాసనొస్తోంది, ఇక్కడే ఎక్కడో ఉంటాడు, అడిగొస్తా' అని మళ్ళీ వెళ్ళింది. ఇంకో నలుగురు తోడు వెళ్ళారు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"నీకు తెలుసనుకున్నాను. అందుకే గడియ వెయ్యవనుకున్నాను."

తెల్లవారి అందరికంటే ముందు షెడ్డుకు వెళ్ళాడు. నలుపులో కాస్త తుప్పు ఎరుపు కలిపాడు. కర్ర కుంచె పక్కన పెట్టి, చిన్న కుంచె తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని గడియ వేశాడు. ఎడమకు వంగిన గడియ.

మధ్యాహ్నం దర్శకుడు వచ్చాడు. "వంకరగా ఉందేం?"

మేస్త్రి గబగబా దగ్గరికి వచ్చాడు.

"అది అంతేనండి," అన్నాడాయన.

దర్శకుడు తల వంచి చూశాడు. "సరే, ఉండనీ," అని వెళ్ళిపోయాడు. మేస్త్రి ఆయన భుజం తట్టి, అందరినీ భోజనానికి తీసుకుపోయాడు.

ఆయన లేవలేదు. గుమ్మంలో కూర్చున్నట్టు తెర మీద ఆ తలుపు ముందు కూర్చున్నాడు. మిషను దగ్గర నుంచి కూతురు పిలిచింది.

"రా నాన్నా, తిందాం. రంగు ఆరిందా?"

"లేదమ్మా," అన్నాడు. "ఇంకా వాసనొస్తోంది."