పళ్ల మధ్య చాక్‌పీస్

దబీర్‌పురాల మా టైలర్ దుకాణంల కటింగ్ మాస్టర్, కత్తెర పట్టంగనే చాక్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకునేటోడు. ఎవ్వరు పిలిచినా జవాబు చెప్పకుంట ఉండనీకె. దుకాణం నాది, నాకు మాత్రం గది పొగరే అనిపించేది.

ఒకనాడు షేర్వానీకి ఎడమ చెయ్యి కత్తిరించి, కుడి చేతి కోసం కాగితం అచ్చు తిరగేయబోతున్నడు.

"నోట్లది తీసి చెప్పు మాస్టర్! వకీల్ సాబ్ కోటు ఎప్పుడిస్తవ్?" అని గదమాయించిన.

"జుమ్మాకు, సేఠ్" అన్నడు. అచ్చు తిరగేసుడు మరిచిండు. రెండూ ఎడమ చేతులే అయినయ్. గిరాకీ తెచ్చిన మఖ్మల్ ఖరాబైంది.

"కండ్లు పోయినయా?" అని గిరాకీ ముందటనే తిట్టిన.

మాట్లాడించింది నేనేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. కత్తెర బల్ల మీద పెట్టి, చాక్‌పీస్ మళ్ల పళ్ల మధ్య పెట్టుకొని మెట్లు దిగిపోయిండు.