సిల్వర్ కాగితం కింది ఎరుపు

ఎండుమిరపకాయకు సగం దాకా చుట్టిన సిల్వర్ కాగితాన్ని విప్పేటప్పుడు వచ్చే చిన్న కరకర శబ్దమంటే నాకు ఇప్పటికీ భయమే. ఈ రోజు పొద్దున కూడా అంతే. మా షెడ్డు వెనక కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే చాలు, అందరికీ ఒకటే దగ్గు. ఒక మ్యూజియానికి పంపాల్సిన దీపం కింద చాలా రోజులుగా పెట్టిన కాయను చేతిలోకి తీసుకుని, కాగితం అంచు పట్టుకుని ఆగిపోయాను. వేళ్లకు చెమట పట్టింది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తూ ఒక మిరపకాయ ముందు ఊపిరి బిగబట్టి నిలబడడమేమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా అత్తయ్య రాహేలమ్మ పెట్టిపోయింది.

చిలకలూరిపేట బయట హైవే పక్కన రేకుల షెడ్డులో మా కుటుంబం మ్యూజియాలకు దీపాలు చేస్తుంది. వెలుతురు తగిలిన కొద్దీ పాత గుడ్డలు, బొమ్మలు, కాగితాలు వెలిసిపోతాయి. వస్తువు కనిపించాలి, కానీ వెలుతురు దాన్ని తినకూడదు. మేము చేసేది ఆ దీపాలే. మా ఆయన ప్రభాకర్ వైరింగు చూస్తాడు, నేను మీటరు పెట్టి వెలుతురు కొలుస్తాను. అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఆఖరి మాట ఆమెదే. ఆమె పరీక్ష మిరపకాయతో. మా వైపు కోల్డ్ స్టోరేజీల్లో కాయల్ని చీకట్లో ఎందుకు పెడతారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వెలుతురులో వదిలేసిన కాయ పాలిపోతుంది. అందుకే ప్రతి రకం దీపం కిందా ఒక కాయను, సగం సిల్వర్ కాగితంతో మూసి, సగం వదిలేసి పెట్టేది. కొన్ని వారాల తర్వాత కాగితం విప్పితే రెండు సగాలూ ఒకే రంగులో ఉండాలి. లేకపోతే ఆ దీపం గడప దాటదు.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు హాల్లో గోడ మీద చూసిన ఫొటో నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మంచి చెక్క ఫ్రేము. అందులో ఒక కుర్చీ, కుర్చీ చేతి మీద గడియారం పెట్టుకున్న చెయ్యి, నల్ల ప్యాంటు. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు, పాలమీగడ రంగులో ఒక మచ్చ తప్ప. ఎవరని ప్రభాకర్‌ని అడిగితే, "మా నాన్న" అని అక్కడి నుంచి వెళ్లిపోయాడు. ఇంకేమైనా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సంగతంతా తర్వాత అత్తయ్యే చెప్పింది. మామయ్యగారు పోయేనాటికి ప్రభాకర్ చంకలో పిల్లవాడు. అప్పట్లో వాళ్లు చేసేవి మిర్చి ఏరే బల్లల మీద వేలాడదీసే దీపాలు. ఆడవాళ్లు తాలుకాయలు, అంటే తెల్లబడిన కాయలు, ఏరి పక్కన పడేయాలి కాబట్టి వెలుగు దండిగా ఉండాలి. చనిపోయినవాళ్ల ఫొటో మీద అందరూ ఒక చిన్న బల్బు పెట్టుకుంటారు. అత్తయ్యకు అది సరిపోలేదు. దీపాలు చేసే ఇల్లు కదా, షెడ్డులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే పెద్దది తెచ్చి ఆయన ఫొటో మీద బిగించింది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది. ఆయనవి ఇంకే ఫొటోలూ లేవు.

"మా ఆడపడుచు చాలా ఏళ్లకి ఊరినుంచి వచ్చి, ఈయనెవరొదినా అనడిగింది," అని చెప్పింది అత్తయ్య. "సొంత తోడబుట్టినోడమ్మాయ్! నా చేతిలో గ్లాసు జారి కిందపడింది. అప్పుడు చూశా. మొహం లేదు."

"అంతకు ముందు కనిపించలేదా అత్తయ్యా?"

"రోజూ చూస్తానే ఉన్నాగా. రోజూ చూసేదానికి ఏం తెలుస్తది? కొంచెం కొంచెం పోయింది. మేమే తినేశాం ఆయన్ని."

ఆ మాట ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చేదాన్ని. కాయలు తుడుస్తూ మామూలుగా చెప్పింది. ఆ రోజు ఆమె ఆ పెద్ద దీపాన్ని పీకేసిందట, ఫొటోను మాత్రం గోడ మీదే ఉంచింది. తర్వాత మసక దీపాల మీద పడింది. మొదటిది చర్చిలో పాత బైబిలు ఉన్న అద్దాల పెట్టెకు చేసింది. అది చూసినవాళ్లెవరో ఒక మ్యూజియం వాళ్లకు చెప్పారు, అలా పని పెరిగింది. తన కొడుక్కి తండ్రి మొహం తెలియకుండా చేశానన్న దిగులు మాత్రం ఆమెను ఒక్క పూట కూడా వదల్లేదు. ఇంట్లో కిటికీ తెరలు తీస్తే కేకలు వేసేది. పెళ్లి చీర ఎండలో ఆరేశానని ఒకసారి నన్ను ఉతికి ఆరేసినంత పని చేసింది. మొదట్లో చాదస్తమనుకున్నాను, కోపం కూడా వచ్చేది. ఆమె మీద కోపం ఎప్పుడు భయంగా మారిందో నాకు బాగా గుర్తుంది.

సింగరాయకొండ దాటి సముద్రం వైపు వెళితే బాషా మాస్టారు అనే రిటైరైన టీచరు నేత పనికి సంబంధించిన చిన్న మ్యూజియం ఒకటి పెట్టారు. అందులో అన్నిటికంటే విలువైనది వాళ్ల తాతగారు నేసిన ఎర్ర రుమాలు. నూలును నూనెలో నానబెట్టి, రంగులద్ది నేసిన గుడ్డ. ఆయన నేసినవాటిల్లో మిగిలింది అదొక్కటే. దాని మీదకు మా దీపాలు అడిగారు. ప్రారంభోత్సవం దగ్గర పడుతోందని మాస్టారు ఫోను మీద ఫోను. మీటరులో అంతా సరిగ్గానే ఉంది. కాయ మాత్రం ఇంకా దీపం కిందే ఉంది.

"కాయ సంగతి తేలకుండా పంపటమేందిరా?" అంది అత్తయ్య.

"పెద్దాయన బతిమాలుతున్నాడమ్మా. ఇక్కడ అదే రకం దీపం కింద కాయ ఉందిగా, తేడా వస్తే చూసుకుందాం," అన్నాడు ప్రభాకర్.

ఆమె దీపం కింది కాయ వైపు చూసింది. చివరికి తల ఊపింది. దీపాలు వెళ్లాయి, అప్పటి నుంచీ రుమాలు మీద వెలుగుతూనే ఉన్నాయి.

ప్రారంభోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం ఆ కాయకు కాగితం విప్పాం. కాగితం కింద సగం నిగనిగలాడుతోంది. మూయకుండా వదిలేసిన సగం తాలుకాయలా తెల్లబడింది. ప్రభాకర్ దీపాన్ని తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెలుతురు తగ్గించే చిన్న భాగం గంటల కొద్దీ వేడెక్కాక పని మానేస్తోంది, దీపం పూర్తిగా వెలుగుతోంది. నేను కొలిచినప్పుడు అది చల్లగా ఉంది. అత్తయ్య మొహం చూశాను. ఆమె కాయను చూడడం లేదు. హాల్లోని ఫొటో వైపు చూస్తోంది.

మాస్టారికి ఫోను చేస్తే ఎత్తలేదు. శుక్రవారం, నమాజులో ఉండి ఉంటారు. కారులో హైవే ఎక్కాం. ఒంగోలు దాటాం. నేను ఫోను చేస్తూనే ఉన్నాను. నా కళ్ల ముందు ఒకటే కనబడుతోంది. ఎర్ర రుమాలు మధ్యలో పాలమీగడ రంగు మచ్చ.

మేము చేరేసరికి మాస్టారు గుమ్మానికి తోరణం కట్టిస్తున్నారు. "అప్పుడే వచ్చారేంటమ్మా, రేపు కదా!" అని నవ్వుతూ ఎదురొచ్చారు.

"మాస్టారూ, ముందా లైట్లు ఆపండి," అంది అత్తయ్య. "మా దీపం తప్పు. మీ గుడ్డని తింటంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. దీపాలు ఆర్పారు. రుమాలును అద్దం వెనక చెక్కపట్టీలతో బిగించారు. పట్టీ కింద ఉన్న అంచుకు వెలుతురు తగలదు. ప్రభాకర్ ఒక పట్టీ ఊడదీశాడు.

"సునీతా, నువ్వు చూడు. నావల్ల కాదు," అని అత్తయ్య గోడ వైపు తిరిగింది.

వంగి చూశాను. పట్టీ కింది ఎరుపు, బయటి ఎరుపు. ఒకసారి చూస్తే ఒకటే అనిపించింది. ఇంకోసారి చూస్తే ఏదో తేడా అనిపించింది. చూసిన కొద్దీ నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది.

"ఒకటే లాగా ఉందత్తయ్యా."

"లాగానా?" అని ఇటు తిరిగింది. తనూ వచ్చి చాలాసేపు చూసింది. తర్వాత మాస్టారితో, "మిరపకాయ రంగు ముందు పోద్ది, గుడ్డ కాస్త ఓర్చుకుంటది. కానీ పోయిందో లేదో నాకు తెలవట్లేదయ్యా. పోలేదని మాత్రం నా నోటితో చెప్పను," అంది.

"మా తాతది ఇదొక్కటేనమ్మా ఉంది," అన్నారు ఆయన. అరిచి ఉంటే బాగుండేది. ఆ గొంతు విని ప్రభాకర్ బయటికి వెళ్లిపోయాడు.

పోలేదని చెప్పి ఉంటే ఆయన నమ్మేవారు. దీపాలన్నీ విప్పి కారులో వేసుకున్నాం. ఇక మాకు పని ఎవరిస్తారన్న భయం ఉండనే ఉంది. మర్నాడు ప్రారంభోత్సవంలో రుమాలు మీద నల్ల గుడ్డ కప్పి ఉంచారు. అత్తయ్య దాని పక్కనే నిలబడింది. చూడడానికి వచ్చిన ప్రతి మనిషికీ గుడ్డ ఎత్తి చూపించి, "చూశారుగా, ఇక మూసేద్దాం," అని మళ్లీ కప్పింది. సాయంత్రానికి ఆమె చెయ్యి పైకి లేవలేదు. కొన్నాళ్లకు మాస్టారే ఫోను చేశారు. "దీపాలు మీరే చేయండమ్మా. ఈసారి మీ కాయ తేలేదాకా నోరెత్తను," అన్నారు.

అత్తయ్య ఇప్పుడు లేదు. ఆమె ఫొటో మా హాల్లో లేదు, బీరువాలో నల్ల గుడ్డ చుట్టి ఉంది. ఊరూరికీ దీపాలు పంపే ఇంట్లో పెద్దావిడ ఫొటోకి ఒక బల్బు పెట్టలేదేంటని చుట్టాలు మొహం మీదే అడుగుతారు. ఏడాదికొకసారి, ఆమె పోయిన నాడు ప్రార్థనకు చేరే జ్ఞాపకార్థ కూడిక రోజున మాత్రం బయటికి తీస్తాం. ఈ రోజే ఆ కూడిక. పొద్దున విప్పిన మిరపకాయ రెండు సగాలూ ఎర్రగానే ఉన్నాయి. అయినా సాయంత్రం అందరూ వెళ్లిపోయాక బీరువా తెరుస్తుంటే మళ్లీ అదే చెమట. గుడ్డ మడత తీసేటప్పుడు ప్రతిసారీ అనుకుంటాను, ఈసారి మొహం ఉండదేమోనని.

ఉంది. ఆకుపచ్చ చీర, గడ్డం మీద పుట్టుమచ్చ, ఫొటో తీసేవాడి లైటును చూసి చిట్లించిన కళ్లు. అన్నీ ఉన్నాయి. ప్రభాకర్ నా పక్కన నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. మూయడానికి నేను గుడ్డ అందుకున్నాను.

"ఇంకాసేపు ఉండనియ్ సునీతా," అన్నాడు.

ఆ మాటకు నా చెయ్యి ఆగిపోయింది. ఆ గదిలో వెలుగుతున్న ఒక్క లైటు నన్ను ఎంత భయపెట్టిందో చెప్పలేను. లేచి వెళ్లి ఆర్పేశాను. వీధి నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగులో ఆమె మొహం సగమే కనిపిస్తోంది. అతను ఇంకాసేపు చూశాడు. తర్వాత తనే నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, "చూశాంగా," అని వాళ్లమ్మ మొహం మీద కప్పాడు.