సంత రోజు లెక్క

ఆ రోజుల్లో మా చోడవరం చుట్టుపక్కల బి.కాం. ప్యాసైనవాడంటే జాతకాలు తప్ప మిగతావన్నీ చెప్పగలడని జనం నమ్మేవారు. జనం సంగతెలా ఉన్నా, నేను మాత్రం గట్టిగా నమ్మాను. ఉద్యోగం ఇంకా రాలేదు కాబట్టి ఆ నమ్మకానికి ఏ ఆపదా రాలేదు. మేనమామ ఇంట్లో తిని, అరుగు మీద కూర్చుని, కనబడినవాళ్ళకల్లా డిబెంచరంటే ఏమిటో చెబుతూ ఉండేవాణ్ణి (ఎవరూ అడిగేవారు కాదు).

అలాంటి సమయంలో ఊళ్ళో రెండు బస్సులున్న కంపెనీ ఒకటి పది రూపాయల వాటాని ఇరవైకి అమ్ముతామంది. మావయ్య దగ్గర ఎడ్లజత కొనడానికి దాచిన డబ్బుంది. ఉన్న ముసలి ఎడ్లు చెరకుబండి లాగలేక మోకాళ్ళ మీద పడుతున్నాయి. కొత్త జత రాకపోతే ఆ యేడు చెరకు చేలోనే ఎండాలి. అయినా ఆయన మనసు వాటాల మీదకి పోయింది. "ఒరే, పదిది ఇరవై అంతన్నారు. అంత సేస్తాదేటి? సదువుకున్నోడివి, సూసి సెప్పు" అన్నాడు.

నా చదువుకి తగిలిన మొదటి గిరాకీ అది. చెవిలో పెన్సిలు దోపుకుని, బస్సులు ఆగే చోటికెదురుగా టీ దుకాణంలో పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చున్నాను. లోపల కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, టాపెక్కినవాళ్ళు, వెనక నిచ్చెన పట్టుకుని వేలాడినవాళ్ళు, ఎవర్నీ వదల్లేదు. ఆ లెక్కని మూడువందల అరవై అయిదుతో హెచ్చవేసి, ఖర్చులు తీసేసి చూస్తే వాటా నలభై చేస్తుందని తేలింది. ఇరవైకే ఇస్తున్న కంపెనీవాళ్ళ అమాయకత్వానికి జాలేసింది. తెల్లకాగితం మీద తిరగరాసి, కింద రెండు గీతలు గీసి మావయ్యకిచ్చాను. ఆయనకి చదవడం రాదు. అయినా చాలాసేపు చూసి, డబ్బుమూట విప్పాడు.

వంటింట్లోంచి అత్త అడిగింది. "ఏ రోజు లెక్కెట్టేవు బాబూ?"

"నిన్న."

"నిన్న సంత కదా."

కామర్సు పుస్తకాల్లో సంత ప్రస్తావన లేదని వాదించాను గానీ, మావయ్య మూట మళ్ళీ ముడేశాడు. "రేపింకోపాలి ఎల్లిరా" అన్నాడు.

వెళ్ళాను. బస్సులో డ్రైవరు, కండక్టరు, ఒక కోళ్ళగంప, దాని తాలూకు ముసలమ్మ ఉన్నారు. ఇంజను స్టార్టవలేదు. "బాబూ, ఓ సెయ్యెయ్యి" అన్నాడు కండక్టరు. కాబోయే వాటాదారుల బంధువుని కదా, కాదనలేక మలుపుదాకా తోశాను (ఆ కంపెనీలో మా కుటుంబం పెట్టిన పెట్టుబడి అదొక్కటే).

పొగతో నల్లబడ్డ నా చొక్కా చూశాడు మావయ్య. "ఎద్దుని సంతలో సూసి కొనీకూడదురా. ఆ రోజు కడిగి, కడుపునిండా మేపి, కొమ్ములకి నూని రాసి తెస్తారు. దుక్కిలో కట్టి సూడాలి" అన్నాడు. ఆ వారమే అలా కట్టి చూసి జతని కొన్నాడు. చెరకంతా గానుగకి చేరింది. బస్సులు మాత్రం మూడో ఏటికి షెడ్డులో కోళ్ళకి నీడయ్యాయి.

నేను బ్యాంకులో చేరి, కంపెనీల లెక్కల్లో తప్పులు పట్టుకుంటూ ముసలివాణ్ణయ్యాను. మావయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టెలో నా కాగితం దొరికింది. ఇదెందుకు దాచాడని అత్తనడిగాను. "వచ్చినోళ్ళందరికీ సూపించేవోడు, మా మేనల్లుడి లెక్క సూడండని" అంది.

"తప్పు లెక్క అని చెప్పేవాడు కాదా?"

"ఒక్కపాలీ సెప్పలేదు" అంది అత్త.

నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి సరిచూస్తుంటాను. హెచ్చవేతలో మాత్రం ఒక్క తప్పూ లేదు.